గ్యాలరీలో ఒక కుర్చీ: చిత్రాలు చూసే చోటు మనసుకు ఊరటనివ్వాలంటే

లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు 2025లో ఒక చిన్న ప్రయోగం చేశారు. 18 నుంచి 40 ఏళ్ల వయసున్న 50 మంది వాలంటీర్లను రెండు జట్లుగా విడదీశారు. మొదటి జట్టు కోర్టాల్డ్ గ్యాలరీకి వెళ్లి మానే, వాన్ గో, గోగాన్ గీసిన అసలు చిత్రాలను చూసింది. రెండో జట్టు అవే చిత్రాల నకళ్లను గ్యాలరీ కాని మరో గదిలో చూసింది. ఒత్తిడికి గురైనప్పుడు శరీరంలో పెరిగే కార్టిసాల్ అనే హార్మోన్ మొదటి జట్టులో సగటున 22 శాతం తగ్గింది. రెండో జట్టులో తగ్గింది 8 శాతమే. శరీరంలో వాపుతో ముడిపడిన ఇంటర్‌ల్యూకిన్-6, టీఎన్ఎఫ్-ఆల్ఫా అనే రెండు ప్రొటీన్లు కూడా అసలు చిత్రాలు చూసినవారిలో 30, 28 శాతం చొప్పున తగ్గాయి.

కళ ఆరోగ్యానికి మంచిదని చెప్పేందుకు ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది. అయితే ప్రయోగాన్ని కాస్త నిదానంగా చూస్తే, ఆ రెండు జట్ల మధ్య ఉన్న తేడా ఒక్కటి కాదని తెలుస్తుంది. ఒకరు చూసినవి అసలు చిత్రాలు, ఇంకొకరు చూసినవి నకళ్లు. అది ఒక తేడా. ఒకరు నిలబడింది పాత భవనంలోని ప్రశాంతమైన గ్యాలరీలో, ఇంకొకరు ఉన్నది మరోరకం గదిలో. ఇది రెండో తేడా. మరి కార్టిసాల్‌ను తగ్గించింది వాన్ గో కుంచెనా, ఆ గదినా? ఈ ప్రయోగం ఆ రెంటినీ విడదీసి చెప్పదు. (అధ్యయనాన్ని చేయించింది ఆర్ట్ ఫండ్ అనే కళాసంస్థ అన్న సంగతినీ పాఠకులు గుర్తుంచుకోవడం మంచిది.)

గ్యాలరీలు నడిపేవారికి ఈ ప్రశ్న ముఖ్యం. ఫలితమంతా చిత్రాల మహిమే అయితే వాన్ గో లేని ఊరికి ఆశ లేదు. అందులో గదికి కూడా వాటా ఉంటే మాత్రం, ఏ ఊరి గ్యాలరీ అయినా తన గదిని మార్చుకోగలదు. గది గురించి సైన్సుకు ఇప్పటికే చాలా విషయాలు తెలుసు.

మందు కాదు, ఊరట

ఈ తరహా కొలతల్లో ఎక్కువమంది ఉదహరించేది 2006 నాటి ఒక అధ్యయనం. లండన్ నగరంలో పనిచేసే 28 మంది ఉద్యోగులు మధ్యాహ్న విరామంలో గిల్డ్‌హాల్ ఆర్ట్ గ్యాలరీకి వెళ్లి, సుమారు 35 నిమిషాలు తమకు నచ్చినట్టు తిరిగారు. బయటికి వచ్చేసరికి వారి లాలాజలంలో కార్టిసాల్ 32 శాతం తగ్గింది. ఒత్తిడి ఎంతుందని అడిగితే తాము ఇచ్చుకున్న మార్కులు 45 శాతం తగ్గాయి. కార్టిసాల్ ఉదయం ఎక్కువగా ఉండి, పొద్దు గడిచేకొద్దీ తనంతట తానే తగ్గుతుంది. కానీ ఆ మేరకు సహజంగా తగ్గడానికి కొన్ని గంటలు పడుతుంది, అరగంట చాలదు. అందుకే ఫలితం ఆసక్తికరం. అయినా పోల్చి చూసేందుకు ఇందులో రెండో జట్టు లేదు. ఆఫీసు కుర్చీలోంచి లేచి పార్కులోకో టీకొట్టుకో వెళ్లినవారికి ఎంత తగ్గేదో ఇది చెప్పదు.

పెద్ద లెక్కలూ ఉన్నాయి. ఇంగ్లండ్‌లో 50 ఏళ్లు దాటిన 6,710 మందిని 14 ఏళ్లపాటు అనుసరించిన అధ్యయనం 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. కొన్ని నెలలకోసారైనా మ్యూజియం, గ్యాలరీ, నాటకం, కచేరీ వంటి వాటికి వెళ్లేవారిలో, అసలు వెళ్లనివారితో పోలిస్తే ఆ కాలంలో మరణించే ముప్పు 31 శాతం తక్కువగా కనిపించింది. ఆస్తి, చదువు, ఆరోగ్యం, అలవాట్లు లెక్కలోకి తీసుకున్నాక మిగిలిన తేడా ఇది. ఇదీ కారణాన్ని రుజువు చేసే పరిశోధన కాదు. ఓపిక ఉన్నవారే గ్యాలరీలకు వెళ్తారన్న అనుమానం పూర్తిగా తొలగదు. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం మూడు వేలకు పైగా అధ్యయనాలను వడపోసి, ఆరోగ్యాన్ని కాపాడటంలోనూ చికిత్సకు తోడుగా నిలవడంలోనూ కళలకు పాత్ర ఉందని నివేదిక ఇచ్చింది.

ఈ ధైర్యంతోనే కొన్నిచోట్ల వైద్యులు మ్యూజియంను చీటీ మీద రాస్తున్నారు. 2018 నవంబరు నుంచి కెనడాలోని మాంట్రియల్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియం అక్కడి ఫ్రెంచి వైద్యుల సంఘంతో కలిసి ఈ ఏర్పాటు చేసింది. ఒక్కో డాక్టరు ఏడాదికి 50 వరకు ఉచిత ప్రవేశపు చీటీలు రాసే వీలు అప్పట్లో కల్పించింది. బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లో బ్రుగ్‌మాన్ ఆసుపత్రి 2021లో ఇలాంటి ప్రయోగమే మొదలుపెట్టింది. అక్కడ గానీ ఇక్కడ గానీ చీటీ మాత్రలకు బదులు కాదు, మాత్రలతోపాటు ఇచ్చేది.

మన దేశంలో ఈ తేడాను మరీ గట్టిగా చెప్పాలి. నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో నిర్వహించిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దల్లో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారు. రుగ్మతను బట్టి వారిలో 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. డిప్రెషన్‌తో ఉన్న మనిషికి డాక్టరు దొరకని చోట మ్యూజియం టికెట్ ఇచ్చి పంపడం ఊరట కాదు, తప్పించుకోవడం. గ్యాలరీ చేయగలిగింది చిన్నది: వచ్చిన మనిషి వచ్చినప్పటికన్నా తేలికగా బయటికి వెళ్లేలా చూడటం. కనీసం వచ్చినప్పటికన్నా ఎక్కువ అలసిపోయి వెళ్లకుండా చూడటం. నిజానికి చాలా గ్యాలరీలు ఈ రెండోదాంట్లోనే తప్పుతున్నాయి.

కాళ్లు నొప్పులు పుట్టే చోట మనసు నిలవదు

మ్యూజియం అలసట అన్న మాటకు వందేళ్లు దాటాయి. బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో పనిచేసిన బెంజమిన్ ఐవ్స్ గిల్మన్ 1916లో ఆ పేరుతోనే ఒక వ్యాసం రాశాడు. ప్రదర్శనలో ఉన్న వస్తువుల గురించి కొన్ని ప్రశ్నలు ఇచ్చి, జవాబులు వెతికే మనిషిని ఫొటోలు తీయించాడు. ఆ ఫొటోల్లో అతను నడుం వంచి, మోకాళ్ల మీద కూర్చుని, మెడ సాచి, అద్దాల పెట్టెల్లోకి తొంగి చూస్తూ కనిపిస్తాడు. మనుషులకు ఆసక్తి లేక అలసిపోవడం లేదు, పెట్టెలు పెట్టిన ఎత్తు, చీటీల మీది అక్షరాల పరిమాణం వారిని అలసిపోయేలా చేస్తున్నాయి అని గిల్మన్ వాదన. మన మ్యూజియాల్లో ఈనాటికీ ఆ ఫొటోలను కొత్తగా తీసుకోవచ్చు.

శ్రద్ధ కూడా కాళ్లలాగే అలసిపోతుంది. ఫ్లోరిడాలోని ఒక మ్యూజియంలో జాన్ ఫాక్ బృందం 1985లో సందర్శకుల వెంట ఉండి గమనించింది. మొదటి అరగంట వాళ్లు వస్తువుల మీద శ్రద్ధ పెట్టారు. ఆ తరువాత చూపులు పైపైనే జారిపోయాయి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో పేరున్న చిత్రాల ముందు జనం ఎంతసేపు నిలబడతారో లెక్కించిన 2001 నాటి అధ్యయనంలో సగటు 27 సెకన్లు వచ్చింది. సగం మంది 17 సెకన్లలోపే ముందుకు కదిలారు. బడి విహారయాత్రలో భాగంగా గంటలో మ్యూజియం మొత్తం చుట్టి బస్సెక్కిన పిల్లలకు ఈ అంకెలు వింతగా అనిపించవు.

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో మాత్రం దీనికి పూర్తిగా వ్యతిరేకమైన దృశ్యం ప్రతి గంటకూ కనిపిస్తుంది. అక్కడి సంగీత గడియారంలో గంట కొట్టే వేళకు చిన్న బొమ్మ మనిషి తలుపు తీసుకుని బయటికి వచ్చి గంట మోగించి వెళ్తాడు. అందుకోసం జనం ముందే చేరి, గడియారానికి ఎదురుగా కూర్చుని, ఒకే వస్తువును నిమిషాల తరబడి చూస్తారు. పిల్లలు ముసలివాళ్లు అన్న తేడా లేదు. కూర్చునేందుకు చోటు, ఎదురుచూడటానికి ఒక కారణం, పక్కన నలుగురు మనుషులు ఉన్నాయి. ఏ కన్సల్టెంటూ చెప్పకుండానే అక్కడ కుదిరిన ఈ మూడింటినే పాశ్చాత్య గ్యాలరీలు ఇప్పుడు కార్యక్రమాలు పెట్టి మరీ సాధించే ప్రయత్నంలో ఉన్నాయి.

మాంచెస్టర్ ఆర్ట్ గ్యాలరీ ఒక గదిని నిదానంగా చూడటానికే కేటాయించింది. అందులో చిత్రాలు తక్కువ, కూర్చునే చోటు ఎక్కువ. న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం 2006లో అల్జీమర్స్ ఉన్నవారి కోసం మొదలుపెట్టిన కార్యక్రమంలో చిన్న గుంపులు కొన్ని చిత్రాల ముందే కూర్చుని మాట్లాడుకునేవి. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు ఒంటరితనం ముప్పున్న 65 నుంచి 94 ఏళ్ల 115 మందిని మ్యూజియాలకు పంపించి చూశారు. వారానికో రెండు గంటల చొప్పున పది వారాలు సాగిన ఆ కార్యక్రమంలో వారి మానసిక స్థితి మెరుగుపడింది. అందులో మ్యూజియం వస్తువులతోపాటు తోటివారి సాంగత్యం చేసిన మేలునూ తక్కువగా చూడకూడదు.

వీటన్నిటిలో అతి చౌకైనది కుర్చీ. గోడ వారగా వీపు ఆన్చే వీలులేని రాతి బల్ల కాదు. చిత్రానికి ఎదురుగా, వీపుకు ఆసరాతో, లేవడానికి చేతులు ఆన్చుకునే కుర్చీ. స్థలం లేదంటే చేత్తో పట్టుకెళ్లే మడత స్టూళ్లు ద్వారం దగ్గర ఉంచవచ్చు. ఫోన్ యాప్‌ల మీద పెట్టే ఖర్చులో కొంత వీటి మీద పెడితే ఎక్కువమందికి మేలు.

ప్రతిధ్వని లెక్క

గది అలజడి పెట్టే తీరుల్లో అందరూ మరిచిపోయేది శబ్దం. తమాషా ఏమిటంటే గదుల్లో శబ్దం గురించిన శాస్త్రం పుట్టిందే ఒక ఆర్ట్ మ్యూజియంలో. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం కొత్తగా కట్టిన ఫాగ్ ఆర్ట్ మ్యూజియంలోని ఉపన్యాస మందిరంలో ఎవరు ఏం మాట్లాడినా అర్థమయ్యేది కాదు. పలికిన మాట సుమారు 5.5 సెకన్ల పాటు గోడల మధ్య తిరుగుతూనే ఉండేది. కారణం కనిపెట్టే పని వాలెస్ సబైన్ అనే యువ భౌతికశాస్త్ర అధ్యాపకుడికి అప్పగించారు. ఆయన రాత్రిళ్లు పక్కనున్న శాండర్స్ థియేటర్ నుంచి సీట్ల మెత్తలు మోయించుకొచ్చి, ఒక్కో మెత్త పరిచినప్పుడల్లా శబ్దం ఎంతసేపట్లో సద్దుమణుగుతుందో కొలిచాడు. తెల్లవారేలోగా మెత్తలన్నీ మళ్లీ థియేటర్‌కు చేరాలి. ఆ శ్రమ నుంచి వచ్చిన సూత్రం సులభమైనది: గది ఘనపరిమాణాన్ని గది శబ్దాన్ని పీల్చుకునే శక్తితో భాగించి, 0.161తో గుణిస్తే ప్రతిధ్వని సమయం వస్తుంది.

15 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల ఎత్తున్న గ్యాలరీ గదిని ఊహించుకుందాం. ఘనపరిమాణం 900 ఘనపు మీటర్లు. నేల, కప్పు, గోడలు కలిపి 600 చదరపు మీటర్లు. పాలరాయి, సున్నపు గోడ తమను తాకిన శబ్దంలో 3 శాతమే పీల్చుకుంటాయనుకుంటే, పీల్చుకునే శక్తి 18 చదరపు మీటర్లకు సమానం. ప్రతిధ్వని సమయం 8 సెకన్లు వస్తుంది. ఇప్పుడు కప్పు మొత్తానికి 70 శాతం శబ్దం పీల్చే పలకలు బిగిద్దాం. పీల్చుకునే శక్తి 118కి పెరుగుతుంది, సమయం 1.2 సెకన్లకు దిగుతుంది. నిజం గదిలో మనుషులు, తెరలు, చిత్రాల చట్రాలు కూడా కొంత పీల్చుకుంటాయి కనుక అంకెలు అటూ ఇటూ అవుతాయి. మార్పు పరిమాణం మాత్రం ఇదే. చిత్రాలు ఉన్న గోడల్లో ఒక్కదాన్నీ ముట్టుకోకుండా, ఖాళీగా ఉన్న కప్పుతో సాధించిన మార్పు ఇది.

ఎనిమిది సెకన్ల గదిలో ఒక బడి గుంపు అడుగుపెడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. ఒకరి మాట ఆగకముందే పదిమంది మాటలు కలుస్తాయి, వినబడటానికి అందరూ గొంతు పెంచుతారు, కాపలా మనిషి ఈల ఊదుతాడు. ఆందోళన సమస్య ఉన్నవారికి, ఆటిజం ఉన్న పిల్లలకు ఇది గ్యాలరీ నుంచి పారిపోవడానికి సరిపడా కారణం. అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియాలు ఆటిజం ఉన్న పిల్లల కుటుంబాల కోసం కొన్ని ఉదయాల్లో మామూలు వేళకు ముందే తలుపులు తెరుస్తాయి. దీనికి కొత్త భవనం అక్కర్లేదు, సమయపట్టికలో ఒక గంట చాలు.

వెలుగు విషయంలో గ్యాలరీల చేతులు కొంత కట్టేసి ఉంటాయి. కాగితం, బట్ట మీది చిత్రాలు వెలిసిపోకుండా 50 లక్స్ దాటని వెలుతురులో ఉంచడం సంరక్షకుల నియమం. మన ఎండ మధ్యాహ్నం లక్ష లక్స్ వరకు ఉంటుంది. అంటే వాకిట్లోంచి గదిలోకి వేసే నాలుగడుగుల్లో వెలుగు రెండు వేల రెట్లు పడిపోతుంది. కన్ను దానికి అలవాటుపడేందుకు నిమిషాలు కావాలి, వయసు మీదపడిన కంటికి మరింత. ఆ కొద్ది నిమిషాల తడబాటే చాలామందికి గ్యాలరీ మీద కలిగే మొదటి అభిప్రాయం. మధ్యలో నీడపట్టున ఒక వసారా, అందులో కూర్చునే చోటు, మంచినీళ్లు ఉంటే ఇటు కళ్లూ అటు మనసూ ఒకేసారి సర్దుకుంటాయి. మన పాత ఇళ్లు కట్టినవారికి తెలిసిన సంగతే ఇది.

గడప దగ్గరి భయం

అమెరికన్ మ్యూజియం నిపుణురాలు ఎలైన్ హ్యూమన్ గూరియన్ 2005లో గడప భయం అనే మాటను చర్చకు తెచ్చారు. లోపలికి రానివ్వకపోవడం కాదు, రావాలనే అనిపించకపోవడం. ఎత్తయిన మెట్లు, పెద్ద తలుపులు, సంచులు వెతికే కాపలాదారు, ఎలా నడుచుకోవాలో తెలియని బెరుకు, ఇవన్నీ కలిసి ఇది మనలాంటివాళ్ల చోటు కాదని చెప్పకనే చెబుతాయి.

ఇది మర్యాద సమస్య మాత్రమే కాదని మనస్తత్వ శాస్త్రజ్ఞుడు స్టీఫెన్ కాప్లాన్ బృందం 1993లో చూపింది. అలసిన శ్రద్ధ ప్రకృతి మధ్య తిరిగి పుంజుకుంటుందని కాప్లాన్ దంపతుల సిద్ధాంతం. రోజువారీ గొడవ నుంచి దూరం, బలవంతం లేకుండా కట్టిపడేసే ఆకర్షణ, మునిగిపోయేంత విస్తృతి, మనకు నప్పడం అనే నాలుగు లక్షణాలు ఉన్న చోట అది జరుగుతుందంటారు. మ్యూజియం కూడా అలాంటి చోటు కాగలదా అని అడిగితే, అక్కడ ఇంట్లో ఉన్నంత నిబ్బరంగా ఉండేవారికే ఎక్కువగా ఆ సేదతీరే అనుభవం కలుగుతోందని తేలింది. అంటే గడప దగ్గర బెదిరిన మనిషికి లోపలి చిత్రాలు ఎంత గొప్పవైనా దక్కేది తక్కువే.

అందుచేత కాపలా సిబ్బందికి ఇచ్చే శిక్షణ కూడా ఇందులో భాగమే. ముట్టుకోవద్దన్న బోర్డుతోపాటు ఎక్కడ కూర్చోవచ్చో, మరుగుదొడ్డి ఎక్కడుందో, దగ్గరి బయటి దారి ఏదో చెప్పే బోర్డు వచ్చినవారి భాషలో ఉండాలి. మన 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో ఆటిజం, మానసిక రుగ్మత కూడా ఉన్నాయి. ర్యాంపు కట్టేస్తే బాధ్యత తీరిందనుకునే సంస్థలు ఆ జాబితాను పూర్తిగా చదవాలి.

బాధపెట్టే చిత్రాల మాటేమిటి?

మనసుకు మేలు అంటే అన్నీ పూలూ కొండలూ చూపించడం కాదు. అమృత్‌సర్‌లో 2017లో తెరిచిన పార్టిషన్ మ్యూజియం దేశ విభజన నాటి హింసను, వలసను చూపిస్తుంది. పరువు కోసం, భయంతో స్త్రీలు దూకిన బావులకు గుర్తుగా అక్కడ ఒక బావిని నిర్మించారు. అది చూసి కదలని మనిషి ఉండడు, కదలాలనే కట్టారు. అయితే సందర్శకుడు అక్కడి నుంచి నేరుగా రోడ్డు మీదికి వెళ్లడు. చివరిదైన ఆశల గదిలో ఒక చెట్టు ఉంటుంది, ఆకుల్లా కత్తిరించిన కాగితాల మీద తమ మాట రాసి దానికి తగిలించవచ్చు. గుండె బరువెక్కిన మనిషికి చేతితో చేసేందుకు ఏదో ఒక పని, కాసేపు ఆగేందుకు చోటు దొరుకుతాయి.

ఇలాంటి చోట చాలా గ్యాలరీలు ముందుజాగ్రత్తగా పెట్టేది హెచ్చరిక బోర్డు: లోపలి దృశ్యాలు కలవరపెట్టవచ్చు అని. ఈ హెచ్చరికల మీద జరిగిన ప్రయోగాలన్నిటినీ కలిపి విశ్లేషించిన ఆస్ట్రేలియా, అమెరికా పరిశోధకులకు నిరాశే ఎదురైంది. హెచ్చరిక చదివినవారిలో ఆ తరువాతి బాధ తగ్గలేదు. చూడబోయే ముందు ఆందోళన మాత్రం పెరిగింది. పైగా హెచ్చరించినంత మాత్రాన జనం చూడటం మానుకోలేదు. కాబట్టి బోర్డు తీసేయాలని కాదు. బోర్డు ఒక్కటే పెట్టి ఊరుకుంటే లాభం లేదు. ఆ గదిలోకి వెళ్లకుండా ముందుకు సాగే మరో దారి, గది దాటాక కూర్చునే చోటు ఉంటే, హెచ్చరిక చదివిన మనిషికి ఎంచుకోవడానికి ఏదైనా ఉంటుంది.

సందర్శకులు నిజంగానే కుప్పకూలిన సందర్భాలూ ఉన్నాయి. ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో మానసిక వైద్యురాలు గ్రాజియెల్లా మఘెరీని, కళాఖండాలు చూసి గుండెదడ, కళ్లు తిరగడం, భ్రమలతో ఆసుపత్రికి వచ్చిన 106 మంది పర్యాటకుల వివరాలు పోగుచేసి దానికి స్టెండాల్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. వారిలో సగానికి పైగా అంతకుముందే మానసిక సమస్యలు ఉన్నవారు. వైద్య నిర్ధారణ గ్రంథాలేవీ దీన్ని ప్రత్యేక జబ్బుగా ఒప్పుకోలేదు. అయినా గ్యాలరీ సిబ్బందికి ఇక్కడ నేర్చుకునేది ఉంది: ఎవరైనా తట్టుకోలేకపోతే వాళ్లను పక్కకు తీసుకెళ్లి కూర్చోబెట్టడం, నీళ్లివ్వడం, అవసరమైతే ఫోన్ చేయడం. కేంద్ర ప్రభుత్వ టెలి-మానస్ నంబరు 14416కి 24 గంటలూ తెలుగులోనూ ఉచితంగా మాట్లాడవచ్చు. ఆ అయిదంకెలు టికెట్ వెనక అచ్చువేయడానికి అయ్యే ఖర్చు పెద్దదేమీ కాదు.

మార్పులు చేశాక ఫలితం కొలిచేందుకు ప్రయోగశాల అక్కర్లేదు. లండన్ యూనివర్సిటీ కాలేజీవారు మ్యూజియాల కోసం 2013లో ఒక సులభమైన కొలబద్ద తయారుచేశారు. గొడుగు బొమ్మలోని ఒక్కో రంగు ముక్క మీద ఒక్కో భావం ఉంటుంది: సంతోషం, ఉత్సాహం, చురుకుదనం ఇలా. వచ్చేటప్పుడూ వెళ్లేటప్పుడూ ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కు వేయమంటారు. మాదాపూర్‌లోని తెలంగాణ రాష్ట్ర కళా గ్యాలరీ హైటెక్ సిటీ ఆఫీసులకు కూతవేటు దూరంలో ఉంది. లండన్ ఉద్యోగుల్లాగే అక్కడివారూ మధ్యాహ్న విరామంలో వచ్చిపోగలిగినంత దగ్గర. ఒక వారం సగం మందికి మామూలు గది, మరో వారం మిగతావారికి కుర్చీలు వేసి శబ్దం తగ్గించిన గది, చిత్రాలు మాత్రం అవే. అలా చూస్తే కోర్టాల్డ్ ప్రయోగం విడదీయలేకపోయిన రెండు కారణాల్లో ఒకటి విడిపోతుంది. దానికి ముందు గొడుగు మీది మాటలను తెలుగులోకి మార్చి, నలుగురు సందర్శకులకు చూపించి, వాళ్లు వాటిని ఎలా అర్థం చేసుకుంటున్నారో అడగాలి. మనవాళ్లలో చాలామంది మనసు గురించి అడిగినా "ఒళ్లు తేలికపడింది", "తల దిమ్ము వదిలింది" అని ఒంటి మాటల్లోనే చెబుతారు.